దారానికి ఈవలి కొన

శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకు తన 24 మంది గురువులను పరిచయం చేసే ఘట్టం భక్తులకు సుపరిచితమే. పృథ్వి, వాయువు, ఆకాశం వంటి మహాభూతాలతో ఆరంభమైన ఆ వరుసలో ఏనుగు, లేడి తరువాత ఒక చేప కూడా గురుస్థానంలో నిలిచింది. ఎర రుచికి లోబడి గాలానికి చిక్కి అది ప్రాణం పోగొట్టుకొంటుంది. తక్కిన ఇంద్రియాలన్నింటినీ జయించినవాడు సైతం రసనను జయించనంతవరకు జితేంద్రియుడు కాజాలడని అక్కడి తాత్పర్యం. ఈ ఘట్టాన్ని చదివే సాధకుడు సహజంగా తనను చేప స్థానంలో నిలుపుకొంటాడు. గాలం పట్టుకొన్నవాని స్థానంలో నిలిచి దీనిని చదవవలసిన అగత్యం కలిగినవారు బహు అరుదు.

అట్టి పాఠకుడొకడు అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్నాడు. కోనసీమలో కాలువ గట్టున ఆచారవంతమైన వైష్ణవ కుటుంబంలో పుట్టి, సాల్ట్ లేక్ సిటీలో కంప్యూటర్ ఉద్యోగం చేసి విరమించిన ఆయనకు 60 ఏళ్ళు దాటాయి. జన్మతః శాకాహారి. ఏకాదశి ఉపవాసం తప్పడు. ఆదివారం ఆలయంలో జరిగే గీతా స్వాధ్యాయానికి తప్పక వెళతాడు. అయినా నెలకు ఒకటి రెండు పర్యాయాలు తెల్లవారకముందే లేచి, దాదాపు 4 గంటలు కారు నడుపుకొని, గ్రీన్ నదిలో నడుములోతు చల్లని నీటిలో నిలిచి ట్రౌట్ చేపలకు గాలం వేస్తాడు. పట్టిన ప్రతి చేపనూ తిరిగి నీటిలో విడిచిపెడతాడు. 12 ఏళ్ళుగా ఇదే వరుస.

ఆయన చేసేది ఫ్లై ఫిషింగ్. అందులో వానపాము వంటి సజీవమైన ఎర ఉండదు. పక్షి ఈకలు, జంతువుల రోమాలు, సన్నని దారం గాలానికి చుట్టి, నీటిపై వాలే కీటకం రూపాన్ని కల్పిస్తారు. ఆ కల్పిత కీటకమే ఫ్లై. దానికి బరువు లేదు గనుక దూరంగా విసరడం సాధ్యం కాదు. బరువంతా దారానిది. పొడవైన సన్నని కర్రతో ఆ దారాన్ని వెనుకకూ ముందుకూ గాలిలో ఊపి, దాని కొసన ఈకంత తేలికైన ఫ్లైని నీటిపై వాలేలా చేయాలి. వాలిన తరువాత అది నిజమైన కీటకంవలె ప్రవాహంతోపాటు నిరాటంకంగా కొట్టుకొనిపోవాలి. దారం ఏ మాత్రం లాగినా, ఫ్లై వెనుక నీటిపై చిన్న గీత ఏర్పడినా, చేప దగ్గరకు వచ్చి చూచి వెనుదిరుగుతుంది. ఈ విద్యలో ప్రావీణ్యమంతా లేనిదానిని ఉన్నట్లు భాసింపజేయడంలోనే ఉన్నది. మాయ అనే పదానికి ఇంతకంటె స్థూలమైన ఉదాహరణ వెదకడం కష్టం.

కోనసీమలోని తల్లికి 80 ఏళ్ళు పైబడ్డాయి. కొడుకు చేపలు పడుతున్నాడన్న వార్త ఎవరో బంధువు చూపిన ఫొటో ద్వారా ఆమెకు తెలిసింది. ఆ ఫొటోలో ఆయన రెండు చేతులలో ఒక చేపను పట్టుకొని నవ్వుతున్నాడు. ఫోనులో ఆమె కోపగించలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"తినేవాడు ఆకలికి పడతాడు నాన్నా, అది వాడి బతుకు. తినని వాడివి, నువ్వెందుకు పడుతున్నావురా?"

"మళ్ళీ వదిలేస్తానమ్మా."

"వదిలేసేదానికి పట్టడమెందుకు?"

ఆయన వద్ద ఉన్న సమాధానాలన్నీ ఆంగ్లంలో ఉన్నాయి. అమ్మకు చెప్పదగిన తెలుగులో ఒక్కటీ దొరకలేదు. ఆ ప్రశ్న పుట్టినది ఒక జనవరిలో. ఇక్కడ చెప్పబోయేది ఆ జనవరి మొదలుకొని ఒక సంవత్సరపు నది.

గ్రీన్ నది వయోమింగ్ పర్వతాలలో పుట్టి దక్షిణంగా ప్రవహించి యూటాలోని ఎర్రని ఇసుకరాతి లోయలలో ప్రవేశిస్తుంది. 1869లో జాన్ వెస్లీ పవెల్ పడవలపై ఆ నది వెంట దిగివచ్చినప్పుడు, ఎండలో జ్వలిస్తున్న ఆ ఎర్రని రాళ్ళను చూచి ఫ్లేమింగ్ గార్జ్ అని పేరు పెట్టాడు. నేడు ఆ పేరు ఒక ఆనకట్టది. 502 అడుగుల ఎత్తైన ఆ కాంక్రీటు కట్టడం వెనుక జలాశయం 90 మైళ్ళకు పైగా వయోమింగ్ లోపలివరకు వ్యాపించి ఉన్నది. చుట్టూ ఎత్తైన ఎడారి: సేజ్‌బ్రష్ పొదలు, జునిపర్ చెట్లు, వర్షాభావంతో ఎండిన నేల. ఆ నేల మధ్యనుండి, జలాశయం లోతులనుండి వెలువడిన నీరు స్ఫటికంవలె స్వచ్ఛంగా, చల్లగా ప్రవహిస్తుంది. లోతైన మడుగుల అడుగున ఉన్న గులకరాళ్ళు సైతం పైనుండి కనిపిస్తాయి. ఆనకట్ట దిగువన మొదటి 7 మైళ్ళలో మైలుకు వేల సంఖ్యలో ట్రౌట్లు జీవిస్తాయి.

ఎడారిలో ట్రౌట్ ఏమిటన్న సందేహం న్యాయమైనదే. ఆనకట్టకు పూర్వం ఈ నది ఇట్లా లేదు. వసంతంలో మంచు కరిగి బురదతో ఉప్పొంగేది, వేసవిలో వెచ్చబడేది, శీతకాలంలో గడ్డకట్టేది. ట్రౌట్ ఇక్కడ ఆనకట్ట సృష్టి. ఆనకట్ట కట్టిన మొదటి ఏళ్ళలో జలాశయం అడుగునుండి వచ్చిన నీరు 4 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా, ట్రౌట్లకు కూడా అతిశీతలంగా ఉండి వాటి ఎదుగుదల కుంటుపడింది. 1978లో జలాశయపు పై పొరల నీటిని ఎంచి తీసుకొనే ద్వారాలను అమర్చారు. అప్పటినుండి వేసవిలో నీరు సుమారు 13 డిగ్రీలకు చేరుతున్నది, చేపలు పెరుగుతున్నాయి. ఆ నదికి ఋతువులను సైతం మీటలతో సరిదిద్దుతారన్నమాట.

ఆయనకు ఈ విషయం వింతగా తోచలేదు. కోనసీమ కాలువలు కూడా ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమే. ఆనకట్ట విడిచిన నీటి పక్కన పుట్టినవాడు మరొక ఆనకట్ట విడిచిన నీటి పక్కకు చేరాడు.

శిశిరంలో ఆ లోయలో మనుష్యులు ఉండరు. గట్ల మీద మంచు పేరుకొంటుంది. నది మాత్రం గడ్డకట్టదు. జలాశయపు లోతునుండి వచ్చే నీరు ఆ కాలంలో చుట్టూ ఉన్న గాలికంటె వెచ్చగా ఉండి, ఉదయాన ఆవిరులు కక్కుతుంది. దారం జారే ఉంగరాలలో మంచు పేరుకొని, ప్రతి నాలుగైదు విసురులకూ కర్రను నోటి దగ్గరకు తెచ్చుకొని ఊది కరిగించాలి. ఆ చలిలో పుట్టే కీటకం మిడ్జ్ ఒక్కటే, బియ్యపుగింజలో సగమైనా ఉండని దోమ వంటిది. దానిని అనుకరించే ఫ్లైని గాలానికి ముడివేయడానికి 60 ఏళ్ళ కళ్ళకు భూతద్దం కావాలి. చేప నోరు నీటిపై చేసే వలయం ఒక వానచినుకు చేసే వలయమంత ఉంటుంది. దానిని కనిపెట్టాలంటే మనస్సులో మరొక ఆలోచనకు చోటు ఉండకూడదు.

ఈ విద్యను ఆయనకు నేర్పినది పొరుగింటి అమెరికన్ వృద్ధుడు. ఆయన నేర్పిన మొదటి పాఠం, నది చేరగానే గాలం తీయకుండా ఊరక నిలిచి నీటిని చూడాలని. చూడగా చూడగా నీరు విడివిడిగా కనిపిస్తుంది: ఈ ధార వేగం, ఆ ధార మందం, రాతి వెనుక చేయంత నిశ్చలత్వం, ఆ నిశ్చలత్వంలో నీడవంటి ఒక చేప. మొదటి ఏళ్ళలో ఆయన దీనినే తన సాధనగా భావించాడు. జపమాల తిప్పుతూ కూర్చున్నప్పుడు పది దిక్కులకు పరుగెత్తే మనస్సు ఇక్కడ గంటలకొద్దీ ఒకేచోట నిలుస్తున్నది. అవధూత గురువులలో బాణం చేసే శిల్పి ఉన్నాడు గదా. రాజు సేనతో పక్కనుండి వెళ్ళినా అతడు ఎరుగడు. తన స్థితి కూడా అదే అని ఆయన స్వాధ్యాయ మిత్రులతో అన్న రోజులున్నాయి.

ఆ జనవరి ఉదయాన, అమ్మ ప్రశ్న ఇంకా చెవిలో ఉండగా, ఎదుటి గట్టున బూడిదరంగు పెద్ద కొంగ ఒకటి ఒంటికాలిపై నిలిచి ఉన్నది. గంటకు పైగా అది కదలలేదు. దాని చూపు నీటినుండి చెదరలేదు. ఆ తరువాత మెడ ఒక్కసారి సాగి, ముక్కున ఒక చిన్న చేప మెరిసింది. కొంగజపం అనే మాటను ఆయన చిన్నతనంనుండి వింటున్నాడు, ఇతరులను ఉద్దేశించి తానూ వాడాడు. ఏకాగ్రత దానంతట అది పుణ్యమూ కాదు, పాపమూ కాదు. దేనిమీద, దేనికొరకు అన్నది మిగిలే ఉంటుంది. కొంగకు ఆకలి ఉన్నది. ఆ లెక్కన ఎదుటి గట్టునున్న జపమే కొంత సమంజసం.

మార్చి నెల చివరకు నీటిపై సన్నని బూడిదరంగు రెక్కల మేఫ్లైలు లేస్తాయి. మబ్బు పట్టిన మధ్యాహ్నాలలో అవి వేలకొద్దీ చిన్న తెరచాపలవలె ప్రవాహంలో తేలుతూ వస్తాయి, చేపలన్నీ పైకి వస్తాయి. మేఫ్లై జీవితం ఒక ప్రత్యేక ధ్యానవస్తువు. ఏడాదిలో అధికభాగం రాళ్ళ కింద నీటిలో గడిపి, రెక్కలు వచ్చిన తరువాత ఒకటి రెండు రోజులే బ్రతుకుతుంది. ఆ దశలో దానికి ఆహారం తీసుకొనే నోరు ఉండదు.

ఆ వసంతంలో ఆయన స్వాధ్యాయ గోష్ఠిలో అమ్మ ప్రశ్నను బయటపెట్టాడు. ఒక మిత్రుడు వెంటనే ఆయన పక్షం వహించి, వనపర్వంలోని ధర్మవ్యాధుని ప్రస్తావించాడు. మిథిలలో మాంసం విక్రయించే ఆ వ్యాధుడు కౌశికునికి ధర్మబోధ చేయలేదా? నాగలి దున్నినా, నేలపై నడిచినా ప్రాణిహింస తప్పదని అతడే చెప్పలేదా? అందరూ తల ఊపారు. ఆయన ఇంటికి వచ్చి ఆ ఘట్టాన్ని మళ్ళీ చదివాడు. ధర్మవ్యాధుడు తాను స్వయంగా చంపనని, తాను మాంసం తిననని, అది తనకు వంశక్రమంగా వచ్చిన వృత్తి అని స్పష్టంగా చెబుతాడు. తనకు చేపలు పట్టడం వృత్తి కాదు, జీవిక కాదు, వంశాచారం అంతకంటె కాదు. అనివార్యమైన హింసను గూర్చి చెప్పిన మాటను, కోరి చేసే క్రీడకు కవచంగా తొడుక్కొనడం ఆ మహానుభావునికి న్యాయం చేసినట్లు కాదని ఆయనకు తోచింది. మనకు అనుకూలమైన చోట శ్రుతిస్మృతులను ఆపి చదివే అలవాటు మనలో ఎందరికో ఉన్నదే గాని, దానిని పట్టుకొన్నవారు కొద్దిమంది.

మే నెలాఖరులో నది అకస్మాత్తుగా పెరిగింది. వాన కారణం కాదు. ఆనకట్టనుండి అధికంగా నీరు విడిచారు. విద్యుత్కేంద్రంగుండా సెకనుకు సుమారు 4,600 ఘనపుటడుగులు పోగలదు, దానికి మించి విడవాలంటే పక్క ద్వారాలు తెరవాలి. ఆ వరద ట్రౌట్ల కొరకు కాదు. ఎన్నో మైళ్ళ దిగువన రేజర్‌బ్యాక్ సక్కర్ అనే దేశీయ మత్స్యం పిల్లలు గుడ్లనుండి వెలువడే సమయానికి, అవి వరద మైదానపు మడుగులలో చేరి పెరగడానికి వీలుగా ఆ నీటిని విడుస్తారు. 2012నుండి పిల్లలు కనిపించిన సమయాన్ని బట్టి వరదను విడిచే పద్ధతిని పరీక్షిస్తూ వచ్చారు. గాలం వేయడం కుదరక గట్టున కూర్చొన్న ఆ రోజున, ఈ చేపకు ఇంత శ్రమ ఎందుకో ఆయన మొదటిసారి తెలుసుకొనదలచాడు. తెలుసుకొన్నది తేలికగా మరచిపోదగినది కాదు.

1962 సెప్టెంబరులో, ఆనకట్ట ద్వారాలు మూయడానికి ముందు, రెండు రాష్ట్రాల మత్స్య శాఖలు కలిసి గ్రీన్ నదిలో, దాని ఉపనదులలో 445 మైళ్ళ పొడవున రోటెనోన్ అనే విషాన్ని కలిపాయి. పరిమాణం సుమారు 80 వేల లీటర్లు. కొన్ని మొక్కల వేళ్ళనుండి తీసే ఆ విషం జీవకణాలు ప్రాణవాయువును వినియోగించే శక్తిని అరికడుతుంది. రాబోయే జలాశయంలో, దిగువ నదిలో వేటకు పనికివచ్చే ట్రౌట్లను పెంచడానికి, అప్పటివరకు అక్కడ ఉన్న 'పనికిరాని' చేపలను తొలగించడం ఉద్దేశం. ఆ పనికిరానివాటిలో హంప్‌బ్యాక్ చబ్, బోనీటెయిల్, కొలరాడో పైక్‌మిన్నో, రేజర్‌బ్యాక్ సక్కర్ ఉన్నాయి. ఇవి ఆ నదీవ్యవస్థలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేవు. దిగువన విషాన్ని విరిచేందుకు బ్రౌన్స్ పార్క్ వద్ద పొటాషియం పర్మాంగనేటు కలిపారు గాని, అది చాలక విషం డైనోసార్ జాతీయ స్మారక ప్రాంతంలోకి కూడా ప్రవేశించింది. ఆ ఘటనపై చెలరేగిన నిరసన, అంతరించిపోతున్న జీవజాతుల పరిరక్షణకు ఆ దేశంలో తరువాత వచ్చిన చట్టాలకు ఒక ప్రేరణ అయింది. ఆ నాలుగు జాతులు ఆ చట్టరక్షణ కిందికి వచ్చాయి.

తాను 12 ఏళ్ళుగా విడిచిపెడుతున్న రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ తీరపు నదులది. బ్రౌన్ ట్రౌట్ 19వ శతాబ్దంలో ఐరోపానుండి వచ్చినది. రెండూ వలస వచ్చినవి, తనవలెనే. వలస దోషం కాదు. కాని ఈ నది నిర్మలత్వాన్ని చూచి ఆయన ప్రతి ఉదయం గంగాస్తవం చదివి నీరు శిరస్సుపై చల్లుకొనేవాడు. ఆ నిర్మలత్వం కింద ఉన్నది ఏమిటో తెలిసిన తరువాత కూడా స్తవం మానలేదు. గంగ కూడా సగరపుత్రుల భస్మం మీదుగానే ప్రవహించింది గదా అని ఒకసారి అనుకొన్నాడు, వెంటనే ఆ పోలిక తన సౌకర్యం కొరకు పుట్టినదని గ్రహించి సిగ్గుపడ్డాడు. భగీరథుడు బూడిదను ఉద్ధరించడానికి గంగను తెచ్చాడు. ఇక్కడ నీటికొరకు ముందుగా బూడిద చేశారు.

గ్రీష్మం ఆ నదికి ఉత్సవకాలం. మే మధ్యనుండి జూన్ చివరివరకు జునిపర్ చెట్లపై సికాడాలు మోగుతాయి. బొటనవ్రేలి కణుపంత, నల్లని దేహం, బరువైన రెక్కలు, సరిగా ఎగరలేని కీటకం అది. గాలికి చెదరి నీటిపై పడిందంటే పెద్ద శబ్దం అవుతుంది. సంవత్సరమంతా నది అడుగున దాగి ఉండే వృద్ధ చేపలు సైతం ఆ శబ్దానికి జాగ్రత్తలన్నీ మరచి పైకి వస్తాయి. జిహ్వాచాపల్యానికి అవధూత ఉదాహరించిన చేపను కళ్ళారా చూడాలంటే ఈ నెలే తగిన సమయం.

జూన్ రెండవ వారంలో ఒక మధ్యాహ్నం, ఎర్రని గోడ నీడలో, ఆయన వేసిన పెద్ద నల్లని ఫ్లైని ఒక బ్రౌన్ ట్రౌట్ మ్రింగింది. మోచేతినుండి వేలికొనలంత పొడవు. పావుగంట పోరాడింది. ఆ పావుగంటలో ఆయనకు అమ్మ ప్రశ్న గుర్తుకు రాలేదు, కొంగ గుర్తుకు రాలేదు, విషం గుర్తుకు రాలేదు. కర్ర వంగి చేతిలో కంపిస్తున్నది, గుండె దానితో కలిసి కొట్టుకొంటున్నది. వలలోకి తీసుకొన్న తరువాత చూస్తే గాలం పెదవికి కాక లోపల మొప్పల మూలన దిగి ఉన్నది. ఎదురుముల్లు నొక్కివేసిన గాలమే గనుక తేలికగానే ఊడి వచ్చింది, దానివెంట రక్తం వచ్చింది. ఆయన చేపను రెండు చేతులలో, తల ప్రవాహానికి ఎదురుగా పట్టుకొని నీటిలో మోకాళ్ళపై కూర్చున్నాడు. మొప్పలు తెరుచుకొన్నాయి, మూసుకొన్నాయి. చాలాసేపు. రక్తం దారంవలె నీటిలో కరిగిపోతూ వచ్చింది. చివరకు చేప పక్కకు ఒరిగింది, తెల్లని పొట్ట పైకి వచ్చింది.

దానిని ఏమి చేయాలో ఆయనకు తెలియలేదు. తినేవాడైతే ఇంటికి తీసుకొనిపోయేవాడు, ఆ ప్రాణానికి ఒక అర్థమైనా ఉండేది. నీటిలో విడిచిపెట్టాడు. అది దిగువకు కొట్టుకొనిపోయింది.

ఆ వారమంతా ఆయన మిత్రులెవరికీ చెప్పకుండా చదివాడు. 2003లో స్కాట్లాండులోని రోస్లిన్ సంస్థలో లిన్ స్నెడ్డన్ బృందం రెయిన్‌బో ట్రౌట్ తలలో నొప్పిని గ్రహించే నాడులున్నాయని నిరూపించింది. పెదవులలో తేనెటీగ విషమో ఆమ్లమో ఎక్కించినప్పుడు వాటి శ్వాస వేగం పెరిగింది, ఆమ్లం ఎక్కించినవి పెదవులను గులకరాళ్ళకు రుద్దుకొన్నాయి. దానికి ముందే 2002లో వయోమింగ్ విశ్వవిద్యాలయపు జేమ్స్ రోజ్, తెలివితో కూడిన నొప్పికి కావలసిన మెదడు పొర చేపకు లేదని వాదించాడు. నాడీస్పందన వేరు, అది తనకు కలుగుతున్నదని తెలియడం వేరు. ద్రష్టకూ దృశ్యానికీ భేదం చెప్పే మన శాస్త్రాలు చదివినవారికి ఈ వివాదం అపరిచితం కాదు. అయితే ఆ వివాదం తీరేవరకు దయను వాయిదా వేయవచ్చునని ఏ శాస్త్రమూ చెప్పలేదు. 1992లో కెనడా పరిశోధకులు ప్రచురించిన ఫలితం ఇంకా సూటిగా ఉన్నది: పూర్తిగా అలసిన ట్రౌట్‌ను నీటి వెలుపల 30 సెకండ్లు ఉంచితే 38 శాతం, 60 సెకండ్లు ఉంచితే 72 శాతం మరణించాయి. అలసట మాత్రమే కలిగించి గాలిలోకి తీయనివాటిలో మరణం 12 శాతం. అది ప్రయోగశాల, చేపలను బలవంతంగా అలసింపజేశారు, నదిలో లెక్క అంత తీవ్రం కాకపోవచ్చు. కాని కోనసీమకు చేరిన ఆ ఫొటో తీయడానికి ఎన్ని సెకండ్లు పట్టిందో ఆయన లెక్క వేసుకొన్నాడు. ఆ చేపను విడిచిపెట్టినప్పుడు అది ఈదుకొంటూ వెళ్ళింది. వెళ్ళి బ్రతికిందా అన్నది విడిచినవాడికి తెలిసే అవకాశం లేదు.

అష్టమ స్కంధంలోని మత్స్యావతార కథ ఆ రోజులలో ఆయనకు వేరుగా వినిపించింది. ద్రవిడ దేశాధిపతి సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుండగా దోసిలిలోకి చిన్న చేపపిల్ల వచ్చింది. రాజు దానిని నీటితోపాటు తిరిగి నదిలో విడిచాడు. కథ అక్కడితో ముగియలేదు. క్రూరమైన జలచరాలకు భయపడే నన్ను ఈ నీటిలోనే విడిచిపెడతావా అని ఆ చేప అడిగింది. అప్పుడు రాజు దానిని కమండలంలో ఉంచి ఆశ్రమానికి తీసుకొనిపోయాడు. అది పెరిగినకొద్దీ పెద్ద పాత్రకు, కొలనుకు, చివరకు సముద్రానికి చేర్చాడు. విడిచిపెట్టడం దయ అని 12 ఏళ్ళుగా తాను అనుకొన్నాడు. సత్యవ్రతునికి ఆ చేప దొరికినది కోరకుండా. విడిచిన తరువాత కూడా దాని బాధ్యత తీరలేదు. తాను కోరి పట్టి, విడిచిన మరుక్షణం చేతులు కడుక్కొనేవాడు.

అవధూత వాక్యం ఆయనకు అప్పుడు తలక్రిందులైంది. రసన అంటే నాలుక మాత్రమేనా? చేప మాంసం రుచి ఆయన ఎరుగడు, ఎన్నడూ కోరలేదు. కాని కర్ర వంగి చేతిలో కంపించే ఆ పావుగంట రుచి ఆయనకు బాగా తెలుసు. దానికొరకే 4 గంటల ప్రయాణం, శిశిరపు చలి, భూతద్దంతో వేసే ముడులు. చేప ఒక్క ఫ్లైకి మోసపోతుంది. తాను ప్రతి నెలా, 12 ఏళ్ళుగా, అదే ఎరకు ఒడ్డు చేరుతున్నాడు. దారం బిగుసుకొన్నప్పుడు దానికి రెండు కొనలు ఉంటాయి.

జూలై, ఆగస్టు నెలలలో ఆయన నదికి వెళ్ళలేదు. ఎడారిలో వర్షఋతువు అనదగినది లేదు గాని, ఆ రెండు నెలలలో మధ్యాహ్నపు ఉరుముల వానలు రెడ్ క్రీక్ అనే ఉపనదిని ఎర్రని బురదగా మార్చి, దిగువ నదిని పూర్వకాలపు రంగుకు కొన్ని గంటలపాటు తిరిగి తెస్తాయి.

శరత్తులో వెళ్ళాడు. సెప్టెంబరు చివర పొదల అంచులలో మిడతలు చలికి మందగించి నీటిలో పడుతున్నాయి. అక్టోబరు మధ్యకు బ్రౌన్ ట్రౌట్లు జతకడతాయి. ఆడచేప తోకతో గులకరాళ్ళను ఊడ్చి పళ్ళెమంత శుభ్రమైన గుంట చేసి గుడ్లు పెడుతుంది. ఆ తెల్లని మచ్చలపై నడిస్తే రాళ్ళ కింద గుడ్లు నలిగిపోతాయి గనుక తెలిసినవారు దూరంగా అడుగులు వేస్తారు. ఆయన ఆ గుంటల సమీపంలో గాలం వేయడు, ఇంతకుముందూ వేయలేదు. గుడ్లు పెట్టే చేపను వేధించకూడదన్న నియమం ఆ నదిపై మర్యాదగలవారందరూ పాటిస్తారు. ఈసారి ఆ మర్యాదను చూచి ఆయనకు ఒక ఆలోచన కలిగింది. ఒక మడుగుకు దిగువగా నడిచి, సంచిలోనుండి పట్టుకారు తీసి, మిడత ఫ్లైకున్న గాలపు వంపును సగానికి కత్తిరించాడు. మొన పోయింది. మిగిలినది ఈకలు, దారం, ఒక చిన్న వంకర.

విసిరాడు. ఫ్లై రాతి పక్కన వాలి నాలుగు అడుగులు తేలింది. కింద నీడ కదిలింది. చేప నిదానంగా పైకి వచ్చి, ఫ్లై కిందనే దానితోపాటు వెనుకకు తేలుతూ పరీక్షించి, నోరు తెరిచి తీసుకొన్నది. ఆయన చేతికి ఒక చిన్న స్పర్శ తెలిసింది, పూజలో గంట తీగ తాకినంత. మరుక్షణం చేప దానిని ఉమ్మివేసి తన చోటికి దిగిపోయింది. ఆ రోజు 11 చేపలు వచ్చాయి. ఒక్కటీ వలలోకి రాలేదు. ఎప్పటివలెనే గంటలు తెలియకుండా గడిచాయి. సాయంకాలం కారు దగ్గరకు నడుస్తూ ఏదో కొరతగా ఉన్నదని గమనించాడు, ఆ కొరత ఏమిటో కూడా గమనించాడు.

పొరుగింటి వృద్ధునికి ఈ సంగతి చెప్పాడు. ఆయన నవ్వలేదు, కోపించలేదు, అర్థం కానట్లు చూచాడు. "పట్టకపోతే అది నిజంగా పడి ఉండేదని నీకెట్లా తెలుస్తుంది?" అని అడిగాడు. కొంతసేపు ఆగి, తన 40 ఏళ్ళలో తాను విడిచిన చేపలెన్ని బ్రతికాయో తనకూ తెలియదన్నాడు. తరువాత ఇద్దరూ వాతావరణం గూర్చి మాట్లాడుకొన్నారు.

దీపావళినాడు అమ్మకు ఫోను చేసి, మొన కత్తిరించిన గాలం గూర్చి ఎంతో వివరంగా చెప్పాడు. దొరికిన సమాధానం చెప్పడానికి ఒక సంవత్సరం పట్టింది గనుక కొంత ఉత్సాహంగానే చెప్పాడు. ఆమె అంతా విన్నది.

"అంటే దానికి దెబ్బ తగలదు."

"తగలదమ్మా."

"కానీ అది తిండే అనుకుని వస్తుంది కదా?"

"వస్తుంది."

"పాపం, ఆశపెట్టి నోట్లో దూది కుక్కినట్టే కదరా నాన్నా అది." ఆమె కొంచెం ఆగింది. "అయినా మునుపటికన్నా నయంలే. చలిలో చెవులకు ఏమైనా కట్టుకుంటున్నావా, లేదా?"

డిసెంబరు ఆరంభంలో, హేమంతపు మొదటి మంచు పడిన మరునాడు, ఆయన మళ్ళీ నదికి వెళ్ళాడు. గట్టున ఎవరూ లేరు. ఆవిరి లేస్తున్నది. జునిపర్ చెట్టుకు కర్రను ఆనించి, చేతులు జేబులలో పెట్టుకొని, నీటి అంచున నిలిచాడు. చాలాసేపటికి రాతి వెనుకనున్న నిశ్చలమైన నీటిపై వానచినుకంత వలయం ఏర్పడింది. కొంచెంసేపటికి అదేచోట మరొకటి. మిడ్జ్‌లు రావడం మొదలైంది. ఆయన కర్ర తీసుకొని, భూతద్దంతో, మొన లేని చిన్న ఫ్లైని ముడివేశాడు. ముడి బిగించి నిలిచాడు. చేప మళ్ళీ లేచింది. ఆయన ఇంకా విసరలేదు.